పెద్దమ్మకు పీట

మరాళపుర యువరాజు కమలాకరుడినని చెప్పుకుని విడాలాక్షుడి శంఖదుర్గంలో అడుగుపెట్టిన ఆ కుర్రవాడు నిజానికి యువరాజూ కాదు, కుర్రవాడూ కాదు. పగడాలరేవులో తరతరాలుగా గవ్వలాటకు పేరుపడ్డ గవ్వలవారి ఇంటి ఆడపడుచు. పేరు వకుళ. తలపాగా కింద జడను చుట్టి దాచి, పై పెదవి మీద మేక వెంట్రుకల మీసం అతికించుకుని, నడుముకు మొండికత్తి ఒకటి వేలాడదీసుకుని ఇంతదూరం వచ్చిందంటే కారణం ఒక్కటే. ఆమె అన్న సింగన్న ఈ కోటలోనే చిక్కుకుని ఉన్నాడు. ఏ రూపంలో ఉన్నాడో మరి కాసేపట్లో మీరే చూస్తారు. చూస్తే మీకూ ఒళ్ళు మండుతుంది, నాకు మండినట్టే.

శంఖదుర్గం సామాన్యమైన కోట కాదు. అడుగు కానరాని అగాధానికి అవతల, నల్లని కొండ కొమ్మున, సుళ్ళు తిరుగుతూ ఆకాశంలోకి లేచిన పాలరాతి సౌధం అది. గోడల నిండా ముత్యపు చిప్పల తాపడం. గవాక్షాలకు పగడపు కమ్మీలు. వాటిలోంచి జొరబడిన మధ్యాహ్నపు ఎండ రంగురంగులుగా విరిగి చలువరాతి నేలమీద పరుచుకుంటుంది. ప్రతి స్తంభానికీ ఒక వెండి నాగుపాము చుట్టుకుని ఉంటుంది. శిల్పమే కదా అని దగ్గరికి వెళితే దాని పడగ కాస్త కదిలినట్టు అనిపిస్తుంది. ఆ కోటకు చేరాలంటే అగాధం మీద వేలాడే తాళ్ళ వంతెన తప్ప వేరే దారి లేదని అందరూ చెబుతారు. ద్వారం మీద "ఈ గడప ఆడది తొక్కరాదు" అని బంగారు అక్షరాల శాసనం. అంత పట్టింపు ఎందుకో లోకానికి తెలియదు. తెలుసుకుని మనం చేసేదీ లేదు. మన వకుళ ఆ శాసనాన్ని తీరిగ్గా చదివి, మీసం ఒకసారి అదుముకుని, కుడికాలు ముందుపెట్టి మరీ లోపలికి నడిచింది.

సభామంటపం నడుమ ఎత్తయిన వేదిక. దానిమీద పులితోలు పరుచుకుని విడాలాక్షుడు కూర్చుని ఉన్నాడు. పేరుకు తగ్గట్టే పిల్లికళ్ళు, నిలువుగా చీలిన కనుపాపలు. నల్లపట్టు అంగరఖా, దానికి బంగారు జలతారు. చేతివేళ్ళకు వంకర తిరిగిన గోళ్ళు.

"దయచేయండి యువరాజా! మీసాలు సరిగా మొలవకముందే మా ఇంటికి ఆటకొచ్చారు. గుండె గట్టిదే!" అన్నాడు వాడు నవ్వుతూ.

"గవ్వలాడేవాడికి మీసాలతో పనేమిటి మహాశయా? వేళ్ళుంటే చాలదూ!" అన్నది వకుళ గొంతు బరువు చేసి.

"బాగా అన్నారు. అయితే రండి."

వేదిక మీద చెక్కి ఉన్న పటం అష్టాచెమ్మా పటమే. మన ఇళ్ళల్లో అరుగుల మీద సుద్దతో గీసుకునే గళ్ళే, కాకపోతే ఇక్కడ నీలమణులు పొదిగారు. నాలుగు గవ్వలు. అన్నీ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు; అన్నీ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. లేకుంటే వెల్లకిలా పడినవి ఎన్నో అన్ని గళ్ళు నడవాలి. కాయ చుట్టంతా తిరిగి నడిమింట్లో చేరితే పండినట్టు. ఎదుటివాడి కాయ వచ్చి అదే గడిలో వాలిందా, చచ్చినట్టు. ఆట తీరు ఇంతే.

విడాలాక్షుడు తన కాయను పటం మీద పెట్టాడు. అది నల్లరాతి పిల్లి. తర్వాత పిడికిలి విప్పి, "ఇది మీ కాయ" అంటూ బొటనవేలంత దంతపు బొమ్మ ఒకటి ఎదుట నిలిపాడు.

వకుళ దాన్ని చూసింది. వెడల్పాటి ఛాతీ, వంకరగా చుట్టిన తలపాగా, గడ్డం మీద చిన్నప్పటి గాటు. ఒళ్ళంతా దంతమే గానీ కళ్ళు మాత్రం ప్రాణంతో ఉన్నాయి. అవి ఆమెకేసి తిరిగి చెమర్చాయి. సింగన్న! ఎద్దును కొమ్ములు పట్టి వంచే మనిషి, ఇలా గుప్పిట్లో పట్టే బొమ్మయి నిలబడ్డాడు!

"నిరుడు వచ్చి ఓడిపోయాడు వీడు. ఓడినవాడు కాయ అవుతాడు. అది నా నియమం కాదు, ఈ గవ్వల నియమం. మీరు వీణ్ణి పండించినా, నా పిల్లిని చంపించినా ఆట మీది. వీడు మళ్ళీ మనిషై మీ వెంట వస్తాడు. నా పిల్లి వీణ్ణి చంపిందో, పొడిపొడి అయిపోతాడు, మీరు వీడి చోట నిలబడతారు. ఇంకొక్క మాట. గవ్వలు దొర్లిన తర్వాత ఆట ముగిసేదాకా ఆడేవారి మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. నేనైనా సరే. వేస్తే ఇవి నన్నే కొరుకుతాయి."

నిజమే, ఆ గవ్వలకు పళ్ళున్నాయి. సన్నటి తెల్లని పళ్ళు. అరచేతిలో పెట్టుకోగానే అవి మెల్లగా కదలడం వకుళకు తెలిసింది.

ఆమె గుండె దడదడలాడింది. గవ్వలు విసిరింది. ఒకటి! విడాలాక్షుడు విసిరాడు. అష్టా! మళ్ళీ ఆమె వంతు. మళ్ళీ ఒకటే! వాడికి చెమ్మా. నల్లపిల్లి పటం మీద చకచకా నడిచింది. సింగన్న కుంటినడక నడిచాడు. ఆమె మూడోసారి విసిరినా అదే ఒకటి. బొమ్మ కళ్ళలో భయం ఆమెకూ అంటేసరికి గవ్వల పళ్ళు టకటకమన్నాయి.

"పాపం యువరాజా! గవ్వలు మిమ్మల్ని ఓర్వలేకుండా ఉన్నాయి" అన్నాడు మాంత్రికుడు.

ఇక్కడ గవ్వలవారి సంగతి కొంచెం చెప్పాలి. ఆట కలిసిరానప్పుడు ఆ ఇంటి ఆడవాళ్ళు ఏడవరు, తిట్టరు, మొక్కులు మొక్కరు. దురదృష్టాన్ని ఆటపట్టిస్తారు. కూర్చున్న దిండు తిరగేస్తారు, పైట అటుదిటు వేసుకుంటారు, చిన్న పందెం పడితే దానితో ముద్దుగా కబుర్లు చెబుతారు. ఎవరికి నచ్చిన చిట్కా వాళ్ళది. వకుళ అవ్వ నాగులవ్వ అయితే చెడ్డ పందెం పడ్డ ప్రతిసారీ ఎడమ చెవి లాక్కుని, "విన్నాలే, గట్టిగా అరవకు!" అని గవ్వలను కసిరేది. మగవాళ్ళకు ఇదంతా నామోషీ. అందరికంటే ఎక్కువ నామోషీ సింగన్నకే. "ఆపండి మీ ఆడంగి వేషాలు! నలుగురూ చూస్తే నవ్విపోతారు" అని విసుక్కునేవాడు. అవ్వ ఒళ్ళో కూర్చుని ఆట నేర్చిన వకుళకు మాత్రం ఆ వేషాలు చేతివేళ్ళతో పాటే వచ్చాయి.

అందుకే ఆమె ఏం చేస్తున్నదో ఆలోచించకుండానే లేచి, దిండు తిరగేసి, ఉత్తరీయం లోపలి వైపు పైకి వచ్చేలా వేసుకుని కూర్చుంది. గవ్వలకేసి వంగి, "ఒంటరిగా వచ్చావా నాయనా ఒకటీ? దారిలో భయం వేయలేదూ? కూర్చో, కూర్చో. నిన్ను చూస్తే మాకు సంతోషమే!" అన్నది. అంటుంటే ఆమెకే నవ్వొచ్చింది. నవ్వుతూనే విసిరింది.

మూడు!

విడాలాక్షుడి కనుపాపలు సన్నబడ్డాయి. వకుళ మరోసారి ఎడమ చెవి లాక్కుని, "విన్నాలే!" అని విసిరితే చెమ్మా పడింది. సింగన్న గళ్ళు దాటి ముందుకు ఉరికాడు. అప్పుడు గమనించింది ఆమె. తాను నవ్వినప్పుడల్లా గవ్వల పళ్ళు కదలకుండా ఉంటున్నాయి. గుండె జారినప్పుడే అవి టకటకమంటున్నాయి. అంటే ఈ గవ్వలు భయాన్ని వాసన పడతాయి. ఎవడు భయపడితే వాడికి చెరుపు చేస్తాయి. భయం లేని చేతిలో ఇవి మామూలు గవ్వలే! విడాలాక్షుడి గొప్పంతా ఇదన్నమాట. వాడు ఎన్నడూ భయపడలేదు, ఎదుటివాళ్ళు భయపడకుండా ఎన్నడూ ఉండలేదు.

'అన్నకు కోపం ఎక్కువ, కోపం దిగితే భయం. అందుకే ఓడాడు' అనుకుంది వకుళ.

ఇంతలో వాడు వరసగా పెద్ద పందేలు వేశాడు. నల్లపిల్లి చుట్టు తిరిగొచ్చి సరిగ్గా సింగన్న వెనకాల మాటు వేసింది. మధ్యన గడి ఒక్కటే ఖాళీ. వంతు మళ్ళీ వాడిదే. రెండు పడితే చాలు. సింగన్న కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అది చూసి వకుళ మనసు ఎంత అదుపు చేసుకున్నా చెదిరింది. గవ్వలు టకటకలాడాయి.

ఇక చిన్న చిట్కాలతో పని జరగదు. గవ్వలవారి ఆడవాళ్ళ అన్నిటికంటే పెద్ద వేషం ఒకటున్నది. దానికి ధైర్యం కావాలి. వకుళ ఉత్తరీయం తీసి, నాలుగు మడతలు వేసి తన పక్కన పీటలాగా పరిచింది. మొలలోని తాంబూలపు సంచి విప్పి, ఒక ఆకు, దానిమీద అర వక్క పెట్టింది. సున్నం మాత్రం వేయలేదు. తర్వాత ఖాళీ పీటకేసి చేతులు జోడించి, అచ్చం నాగులవ్వ గొంతుతో,

"దయచేశావా పెద్దమ్మా! లక్ష్మమ్మకు అక్కవు, ఎవరూ పిలవని దానివి. ఎండన పడి నడిచొచ్చావు. కూర్చో తల్లీ. ఆకూ వక్కా వేసుకుని, అలుపు తీరాక చల్లగా వెళ్ళిరా!" అన్నది.

మంటపం దద్దరిల్లేలా నవ్వాడు విడాలాక్షుడు.

"ఓసి పిల్లా! ఆడదానివా నువ్వు! ఇందాకటి నుంచీ అనుమానంగానే ఉంది. నీ కాయ ఉన్నాడే, వీడు ఓడిపోయేటప్పుడు ఇదే గొణిగాడు. 'ఇంట్లో ఆడవాళ్ళు దరిద్రదేవతకు పీట వేస్తారు, నేను మగాణ్ణి, అలాంటివి చేయను' అన్నాడు. వీడి చెల్లెలివా?"

పుట్టింటి అలవాటు ఇలా పట్టిచ్చింది. నిజమైన యువరాజైతే ఓడేముందు కత్తి దూస్తాడు, లేదా తలవంచుకుంటాడు. పీట వేసేది గవ్వలవారి ఆడపిల్లే. వకుళ మీసం పట్టుకుని చర్రున పీకేసింది. తలపాగా విప్పేసింది. జడ వీపు మీదికి జారింది.

"అవునయ్యా! పగడాలరేవు నాగులవ్వ మనవరాలిని. సింగన్న చెల్లెలిని. మీ గడప తొక్కాను, మీ పటం ముందు కూర్చున్నాను, ఇంతసేపూ మీతో సమానంగా ఆడాను. యువరాజు వేషం వేసినందుకు సిగ్గుగా ఉంది. నా పేరుతోనే రావలసింది. మా వాళ్ళు గెలిచినరోజు గొప్పలు చెప్పుకోరు. ఓడుతున్నరోజు ఎలా కూర్చున్నారన్నదే మా ఇంట్లో గొప్ప! చూడండి, నేను ఎలా కూర్చున్నానో."

అనేసి వెన్ను నిటారుగా నిలిపి కూర్చుంది. పటం మీద సింగన్న కళ్ళు తెరిచాడు. ఆ కళ్ళల్లో ఈసారి భయం లేదు.

"గవ్వలు దొర్లాయి కాబట్టి బతికావు. ఆట కానీ, నీ సంగతి చెబుతాను" అన్నాడు మాంత్రికుడు పళ్ళు కొరుకుతూ. "సమానంగా ఆడావా నాతో? భూతాలు నాకు కాళ్ళొత్తుతాయి, బేతాళుడు నా చెప్పులు మోస్తాడు. నీ పెద్దమ్మ ఏపాటిది? ఇదిగో, నీ పెద్దమ్మ తాంబూలం!"

చెయ్యి చాచి, పీట ముందున్న ఆకూ వక్కా తీసుకున్నాడు. తన బంగారు భరిణె తెరిచి, గోటితో సున్నం గీసి, దట్టంగా పట్టించి, చిలక చుట్టి నోట్లో వేసుకుని పరపరా నమిలాడు.

"అయ్యయ్యో!" అన్నది వకుళ. అది నటన కాదు, నిజంగానే నోరు జారింది. "సున్నం కూడా వేసుకున్నారా?"

"వేసుకుంటే?"

"ఏం లేదులెండి. వదిలేయండి."

"చెప్పు!"

"పెద్దమ్మ తాంబూలం మా ఇంట్లో పొరపాటున కూడా ఎవరూ ముట్టరండీ. ముట్టినవాడు ఆవిణ్ణి తన ఇంటికి పిలుచుకున్నట్టు. సున్నం లేకుండా పెడితే రుచి లేక లేచి వెళ్ళిపోతుందని మా అవ్వ చెబుతుంది. నోరు ఎర్రగా పండిందా... ఇక ఆ ఇంట్లోనే మకాం." వకుళ వాడి పెదవులకేసి చూసి చప్పున కళ్ళు దించుకుంది. "బాగా పండింది, పాపం."

"నోర్ముయ్!" అన్నాడు గానీ, విడాలాక్షుడు చేతివెనకతో పెదవులు తుడుచుకున్నాడు. చెయ్యి ఎర్రనైంది. భూతాలను కట్టే మంత్రాలు వాడికి బోలెడు వచ్చు. పెద్దమ్మను కట్టే మంత్రం మాత్రం ఏ గురువూ చెప్పలేదు. అలాంటిది లేదని వాడికే అందరికంటే బాగా తెలుసు. పిల్లికళ్ళు మెల్లగా ఖాళీ పీట మీదికి వెళ్ళాయి. ఉత్తరీయం నడుమ కాస్త గుంట పడినట్టుందా? ఇందాక అలా లేదే?

సరిగ్గా అప్పుడే కోట కింద ఎక్కడో గాడిద ఓండ్ర పెట్టింది.

గాడిద పెద్దమ్మ వాహనమని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఈ కొండ మీదికి గాడిద ఎలా వచ్చిందో వకుళకు తెలియదు. నన్నడిగినా ఇప్పుడు చెప్పను.

"నీ వంతు కాదు, నా వంతు!" అని అరిచి విడాలాక్షుడు గవ్వలు అందుకున్నాడు. వాడి గుప్పిట్లో అవి టకటకలాడాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ చప్పుడు తన చేతిలో విని వాడి ముఖం పాలిపోయింది. రెండు కావాలి, రెండే కావాలి అని గొణుక్కుంటూ విసిరాడు.

మూడు పడింది. నల్లపిల్లి సింగన్న నెత్తిమీదుగా దూకి, సరిగ్గా అతని ముందున్న గడిలో వాలింది.

వకుళ గవ్వలు తీసుకుంది. ఈసారి అవి అరచేతిలో బుద్ధిగా పడుకున్నాయి. పిల్లి ఒక్క గడి దూరంలో ఉంది. ఆమె గవ్వలను పెదవుల దగ్గరికి తెచ్చుకుని నవ్వింది.

"ఇందాకటి నుంచీ మూడుసార్లు వచ్చిపోయావు. నీకు మర్యాద తక్కువ చేశానా? చేయలేదు కదా! మరి ఇంకొక్కసారి రా నాయనా, ఒంటరిగానే రా."

విసిరింది. మూడు గవ్వలు బోర్లా పడి ఊరుకున్నాయి. నాలుగోది నిలువుగా నిలబడి గిరగిరా తిరిగింది, తిరిగింది, తిరిగి వెల్లకిలా పడింది.

ఒకటి!

దంతపు బొమ్మ ఒక్క గంతు వేసి నల్లపిల్లి మీద పడింది. రాతిపిల్లి తునాతునకలైంది. గవ్వలు నాలుగూ పళ్ళు ఇకిలించి, ఓడినవాణ్ణి కాయ చేయడానికి విడాలాక్షుడి మీదికి లేచాయి. వాడు కెవ్వున కేకవేసి, ఏదో మంత్రం గొణిగి, అంగరఖా అక్కడే వదిలి నల్లపిల్లిగా మారిపోయాడు. ఒక్క దూకుతో గవాక్షంలోంచి బయటపడ్డాడు. పిల్లి మూతి మాత్రం ఎర్రగానే ఉంది!

పటం మీద సింగన్న మూరెడు, బారెడు, నిలువెత్తు మనిషయ్యాడు. చెల్లెల్ని గట్టిగా పట్టుకున్నాడు.

"వకుళా! ఒసేయ్ పిచ్చిమొహమా! ఒక్కదానివే వచ్చావా?"

"ఒక్కదాన్నే వచ్చాను. దారిలో భయం వేయలేదు" అని కళ్ళు తుడుచుకుంది వకుళ. "పద అన్నా, ఏడుపులు ఇంటికెళ్ళాక!"

పరుగెత్తక తప్పలేదు. స్తంభాల మీది వెండినాగులన్నీ బుసలు కొడుతూ కిందికి జారుతున్నాయి. ముత్యపు చిప్పలు గోడల నుంచి రాలిపడుతున్నాయి. వకుళ పీట వేసిన ఉత్తరీయం అక్కడే వదిలేసింది. అతిథి కూర్చున్నదాన్ని లాక్కోకూడదు మరి. అన్నాచెల్లెళ్ళు మెట్లు దిగి, ద్వారం దాటి, కొండ అంచుకు చేరుకున్నారు.

చేరుకునేసరికి, అగాధానికి అవతలి ఒడ్డున ఎర్రమూతి నల్లపిల్లి వంతెన మోకును కొరుకుతున్నది. చూస్తుండగానే ఆఖరి పోగు తెగింది. తాళ్ళ వంతెన ఊగుతూ, విరుగుతూ, అడుగు కానరాని చీకట్లోకి జారిపోయింది. అది కింద పడిన చప్పుడైనా వినిపించలేదు. వెనక్కి తిరిగితే వెండి పడగలు ద్వారం నిండా లేస్తున్నాయి.

వకుళ తల తిప్పి చూసింది. పక్కన సింగన్న తలపాగా విప్పుతున్నాడు. వంకరగా చుట్టుకునే ఆ తలపాగా అంటే అతనికి ప్రాణం, పెళ్ళిళ్ళలో కూడా తీసేవాడు కాదు. దాన్ని నాలుగు మడతలు పెట్టి, రాతిమీద పీటలాగా పరిచాడు. చెల్లెలి మొలలోని సంచి లాక్కుని ఆకూ వక్కా తీసి పెట్టాడు. ఆబోతును వంచే ఆ చేతులు జోడించి, గొంతు సవరించుకుని అన్నాడు:

"దయచేశావా పెద్దమ్మా! నిన్ను ఇన్నాళ్ళూ పలకరించలేదు, తప్పయిపోయింది. కూర్చో తల్లీ. అలుపు తీరాక చల్లగా వెళ్ళిరా."

నాగుల బుసలు వీపుకు తగిలేంత దగ్గరికి వచ్చాయి. అప్పుడు వినిపించింది ఓండ్ర, సరిగ్గా వాళ్ళ కాళ్ళకిందే. ఇద్దరూ అంచుకు వంగి చూశారు. కొండ చరియకు అతుక్కుని సన్నటి కాలిబాట. అలాంటిది ఉందని ఏ లోకులూ చెప్పలేదు. దానిమీద బూడిదరంగు గాడిద ఒకటి తీరిగ్గా గడ్డి పీకుతున్నది. జీను లేదు, పగ్గం లేదు, మనిషీ లేడు. బాట మాత్రం కొండ చుట్టూ తిరిగి కిందికి పోతున్నది.

సింగన్న చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు. మొదటి నాగు పడగ విసిరేలోపల ఇద్దరూ అంచు మీదినుంచి బాట మీదికి దూకేశారు.

"అన్నా! సున్నం వేయలేదు కదా?" అని గాలిలోనే అరిచింది వకుళ.

"ఎందుకు వేస్తానే! నేను మాత్రం గవ్వలవారి బిడ్డను కానూ!"